దారిలో వదిలిన పత్రం

చార్లీ చాప్లిన్ 1977 క్రిస్మస్ రోజున స్విట్జర్లాండులో కన్నుమూశాడు. భార్య ఊనా 1991లో పోయాక ఆయన రాతబల్ల కూతురు విక్టోరియాకు దక్కింది. ఆ బల్లకు ఒక సొరుగు తాళం వేసి ఉంది. తాళంచెవి లేదు. తాళాలు బాగుచేసేవాణ్ని పిలిచి తెరిపిస్తే లోపల ఒక ఉత్తరం కనిపించింది. ఇంగ్లండులో టామ్‌వర్త్ అనే ఊరి నుంచి ఒక ముసలాయన 1970లలో రాసిన ఉత్తరం అది. మీరు పుట్టింది లండన్‌లో కాదు, బర్మింగ్‌హామ్ పక్కన స్మెథిక్‌లో ఉన్న బ్లాక్ ప్యాచ్ అనే బీడులో, జిప్సీల రాణి గుడిసెబండిలో అని దాని సారాంశం. ఆ రాణి తనకు మేనత్త వరస అని కూడా రాశాడట.

ప్రపంచం నలుమూలల నుంచీ ఉత్తరాలు అందుకున్న మనిషి చాప్లిన్. ఈ ఉత్తరాన్ని మాత్రం చించెయ్యలేదు, ఎవరికీ చూపించనూ లేదు. తాళం వేసి ఉంచుకున్నాడు.

ఇంగ్లండులో ఇలాంటి మాట దాచుకున్న ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. మన వంశంలో ఒకామె జిప్సీ అట, బండిలో పుట్టిందట, పెళ్ళయ్యాక ఇంటి గడప లోపల పడుకోవడం నేర్చుకోవడానికే ఏళ్ళు పట్టిందట అంటూ, పిల్లలు నిద్రపోయారనుకున్నాక పెద్దవాళ్ళు గొంతు తగ్గించి చెప్పుకునే మాటలు. ఆ మాట నిజమా కాదా అని కాగితాల్లో వెతకడం ఎలాగో, ఆ కాగితాలు ఏం చెబుతాయో, ఎందుకు చెప్పవో ఈ పూట మీతో పంచుకుంటాను.

ముందు ఒక మాట. జిప్సీ అనే పేరు ఈజిప్షియన్ అనే మాట అరిగిపోగా మిగిలింది. వీళ్ళు ఈజిప్టు నుంచి వచ్చారని యూరప్ పొరబడింది. ఇంగ్లండులో ఈ మాటను గర్వంగా చెప్పుకునేవాళ్ళున్నారు. మిగతా యూరప్‌లో చాలామందికి ఇది తిట్టుతో సమానం. వాళ్ళు తమను తాము చెప్పుకునే పేరు రోమా, రోమానీ. వాళ్ళ పూర్వీకులు వెయ్యేళ్ళకు పైబడి ఉత్తర భారతం నుంచి వెళ్ళినవాళ్ళు. ఆ సంగతి ఏ రాజశాసనమూ చెప్పలేదు, వాళ్ళ భాషే చెప్పింది. 1780లలో జర్మన్ పండితులు రూడిగర్, గ్రెల్‌మన్ ఆ పోలికలను అచ్చులో పెట్టారు. మనకు ఆ పోలికలు చెవిన పడితే చాలు. మనిషిని వాళ్ళు మనుష్ అంటారు. ఉప్పు లోన్, అంటే మన లవణం. రాత్రి రాత్. శిలువకు వాళ్ళ మాట త్రుషుల్. మన త్రిశూలమే చర్చి గోపురం మీదికెక్కి ఆ పేరుతో ఉండిపోయింది.

ఇక చాప్లిన్ దగ్గరికి వస్తే, 1964లో అచ్చయిన ఆత్మకథలో ఆయన తన తల్లి తల్లి సగం జిప్సీ అనీ, ఇంట్లో ఎవరూ పైకి చెప్పుకోని సంగతి అదేననీ రాశాడు. మావాళ్ళు బండి నిలిపిన నేలకు ఎప్పుడూ అద్దె ఎగ్గొట్టలేదు అని ఆవిడ గొప్పగా చెప్పుకునేదట. పుట్టింటి పేరు స్మిత్ అని కూడా రాశాడు. తరవాత జీవితచరిత్రకారులు రిజిస్టర్లు తిరగేశారు. తల్లి తల్లి మేరీ ఆన్ పుట్టింటి పేరు టెర్రీ అని తేలింది. స్మిత్ అనే ఆవిడ ఉంది, కానీ తండ్రి వైపు ఉంది. చాప్లిన్ తాత స్పెన్సర్ పెళ్ళాడిన ఎలెన్ ఎలిజబెత్ స్మిత్.

మనకు అమ్మమ్మ, నానమ్మ అని వేరువేరు మాటలున్నాయి. ఇంగ్లీషులో రెండూ ఒకే మాట. చిన్నప్పుడు విన్న కథ ఒక కొమ్మ మీంచి ఇంకో కొమ్మ మీదికి దూకడానికి అంతకంటే ఏం కావాలి? కుటుంబ చరిత్ర వెతికేవాళ్ళకు ఇది తరచూ ఎదురయ్యే సంగతే. ఇంట్లో చెప్పుకున్న మాటను అబద్ధమని కొట్టెయ్యకూడదు. ఆ మాటలో విషయం ఒకచోట, మనిషి ఇంకోచోట ఉండొచ్చు. నేలకు అద్దె కట్టామన్న చిన్న గర్వం మాత్రం ఎవరో కల్పించి చెప్పినట్టు ఉండదు. దొంగతనంగా దిగారని ప్రతి ఊళ్ళోనూ అనిపించుకున్నవాళ్ళ నోటికే ఆ మాట వస్తుంది.

మరి స్మిత్ అనే ఇంటిపేరు రుజువా? కాదు. ఇంగ్లండులో అన్నిటికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు అదే. రోమానీలలో స్మిత్‌లు బోలెడంత మంది. వాళ్ళలో వాళ్ళు పెటులెంగ్రో అని పిలుచుకునేవాళ్ళు, అంటే గుర్రపు లాడాలు కొట్టే కమ్మరి. బయటివాళ్ళ దగ్గర స్మిత్. లీ, కూపర్, స్టాన్లీ, లొవెల్, బాస్వెల్, హెరన్, బక్‌లాండ్, వేల్సులో వుడ్, ఇవన్నీ రోమానీ కుటుంబాలకున్న పేర్లే. ప్రతి పేరుతోనూ రోమానీలు కాని ఇంగ్లీషువాళ్ళు వేలమంది ఉన్నారు. ఇంటిపేరు చూసి మురిసిపోయి వంశవృక్షం గీసేసుకున్నవాళ్ళు చివరికి వేరే ఊరి రైతు చెట్టెక్కి కూర్చుంటారు.

సొంతపేర్లు కొంత నయం. సిన్ఫై, కెజియా, ట్రెనిట్, బ్రిటానియా, ప్లేటో, లిబర్టీ లాంటి పేర్లు రోమానీ కుటుంబాల్లో తరతరాలుగా తిరుగుతాయి. తాత పేరు మనవడికి పెట్టుకునే అలవాటు మనకు తెలిసిందే కదా. ఒక అరుదైన పేరు రెండు తరాలు విడిచి మళ్ళీ కనిపిస్తే అక్కడ ఆగి చూడాలి. అయినా జాగ్రత్త. చాప్లిన్ ముత్తాత పేరు షాడ్రాక్. బైబిల్లోని ఆ పేరు రోమానీలూ పెట్టుకున్నారు. కానీ చాప్లిన్‌లు సఫోక్ పల్లెల్లో కదలకుండా ఉన్న కుటుంబం. పాత నిబంధనలోంచి పేర్లు ఏరుకోవడం అక్కడ ఇంటింటా ఉన్నదే.

ఇంగ్లండులో జననాల ప్రభుత్వ నమోదు 1837 జులైలో మొదలైంది. బిడ్డ పుట్టాక రాయించకపోతే జరిమానా అన్న నియమం 1875 నుంచి గట్టిగా అమలైంది. చాప్లిన్ పుట్టింది 1889లో. ఆయన జననపత్రం లేదు. 1952లో అమెరికా ఆయన్ని మళ్ళీ దేశంలోకి రానివ్వనన్నప్పుడు, అక్కడి పోలీసుల కోరిక మీద బ్రిటిష్ గూఢచారి శాఖ కూడా లండన్ దస్తరాలన్నీ గాలించి చేతులెత్తేసింది. ఆ ఫైళ్ళు 2012లో బయటికొచ్చాయి. దొరికిందల్లా 1889 మే నెలలో సంగీతశాలల పత్రిక ఒకటి వేసిన చిన్న ప్రకటన. గాయకుడు చార్లెస్ చాప్లిన్ భార్యకు పోయిన నెల 15న మగబిడ్డ పుట్టాడని. చాప్లిన్ తన పుట్టినరోజు 16 అనేవాడు. ఊరు పేరు ఆ ప్రకటనలో లేదు.

జననపత్రం లేదు కాబట్టి బండిలోనే పుట్టాడు అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. తల్లీ తండ్రీ ఇద్దరూ రంగస్థలం మీద పాడి బతికినవాళ్ళు. వాళ్ళదీ ఊరూరా తిరిగే బతుకే. కాగితం లేకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. లేని కాగితాన్ని సాక్ష్యంగా నిలబెట్టడం మొదలుపెడితే ఏ కథైనా నిజమైపోతుంది.

అయితే ఉన్న కాగితాలు ఎక్కడున్నాయి? మొదటిది చర్చి రిజిస్టరు. ఇళ్ళు లేని రోమానీలు కూడా పిల్లలకు బాప్తిస్మం ఇప్పించారు. ఎక్కడ బండి ఆగితే ఆ ఊరి చర్చిలో. 1813 నుంచి ఇంగ్లండు చర్చిలన్నిటికీ అచ్చు గళ్ళున్న పుస్తకాలొచ్చాయి. తండ్రి వృత్తికొక గడి, నివాసానికొక గడి. ఆ నివాసపు గడి చూడాలి. అందులో ఊరు పేరు ఉండాల్సిన చోట దేశదిమ్మరి అనో, దారిన పోయేవాడు అనో, గుడారం అనో పాదిరీ రాసి ఉంటాడు. వృత్తి గడిలో బుట్టలు అల్లేవాడు, కత్తులకు సాన పట్టేవాడు, కుర్చీలకు పేము అల్లేవాడు, గిన్నెలకు మాట్లు వేసేవాడు, గుర్రాల బేరగాడు. అంతకు పాత పుస్తకాల్లో ఒక్కోచోట నేరుగా ఈజిప్షియన్ అని ఉంటుంది. ఒకే బిడ్డకు రెండు మూడు ఊళ్ళలో బాప్తిస్మం జరిగిన దాఖలాలూ ఉన్నాయి. పుట్టిన ఏడు కనుక్కోవాలనుకునేవాళ్ళకు ఇది చిక్కు. దారి కనుక్కోవాలనుకునేవాళ్ళకు మాత్రం వరం.

దారి అన్నది ఇక్కడ ముఖ్యం. మామూలుగా వంశచరిత్ర వెతికేవాళ్ళు ఒక ఊరు పట్టుకుని తవ్వుకుంటూ పోతారు. రోమానీ పూర్వీకుల విషయంలో అలా పోతే ఒక్క తరంతో ఆగిపోతారు. ఊరిని పక్కనబెట్టి ఋతువును పట్టుకోవాలి. సెప్టెంబరు వచ్చిందంటే దక్షిణ ఇంగ్లండు రోమానీలు కెంట్ తోటలకు వెళ్ళేవాళ్ళు. బీరుకు చేదు పట్టించే హాప్ కాయలు కోసే కూలి కోసం. అందుకని ఆ నెలల్లో కెంట్ పల్లెల చర్చిల్లో ఎక్కడెక్కడి పేర్లో కనిపిస్తాయి. జూన్‌లో ఉత్తరాన ఆపిల్‌బీ గుర్రాల సంత. వేసవిలో బఠాణీలు, పళ్ళతోటలు. చలికాలం వస్తే లండన్ అంచుల్లో వాండ్స్‌వర్త్, బాటర్‌సీ, నాటింగ్ డేల్ దొడ్లలో బండ్లు ఆనించుకునేవాళ్ళు. అలా ఆగే చోటును ఇంగ్లండు రోమానీలు ఆచిన్ టాన్ అంటారు. ఆ టాన్ మన స్థానమే.

రెండోది, 1841 నుంచి పదేళ్ళకోసారి పేర్లతో సహా తీసిన జనాభా లెక్కలు. తొలిసారి చాలా గుడారాలకు పేర్లు రాసుకోలేదు, ఇంతమంది అని అంకె వేసి వదిలేశారు. తరవాతివాటిలో లెక్కల గుమస్తా పుస్తకం చివరి పుటలు చూడాలి. ఇళ్ళన్నీ అయిపోయాక, ఫలానా సందులో గుడారం, ఫలానా బీడులో బండి అని అక్కడ రాస్తారు. 1851 నుంచి ప్రతి మనిషీ పుట్టిన ఊరు కూడా అడిగారు. ఒక బండిలో ఆరుగురు పిల్లలుంటే ఆరు ఊళ్ళు. పెద్దపిల్ల సర్రీలో, తరవాతివాడు కెంట్‌లో, ఇంకోడు ఎసెక్స్‌లో. ఆ ఊళ్ళను పటం మీద చుక్కలుగా పెట్టి వరసగా కలిపితే ఆ కుటుంబం తిరిగిన దారి మీ ముందుంటుంది. ఏ రిజిస్టర్లు వెతకాలో ఆ గీతే చెబుతుంది. ఇంత మంచి ఆధారం ఇళ్ళలో ఉన్నవాళ్ళకు కూడా దొరకదు. ఇంకొన్ని చోట్ల పుట్టిన ఊరికి ఎదురుగా తెలియదు అని ఉంటుంది. వాళ్ళకు తెలియకనా, గుమస్తా గుడారం లోపలికి వంగి అడగకనా? రెండోదే ఎక్కువని నా నమ్మకం.

దారి మొత్తం కాగితానికెక్కిన అరుదైన సంఘటన ఒకటుంది. 1753 జనవరిలో ఎలిజబెత్ కానింగ్ అనే పనిపిల్ల లండన్‌లో మాయమై, దాదాపు నెల తరవాత చిక్కి శల్యమై ఇంటికొచ్చింది. ఎన్‌ఫీల్డ్ వాష్‌లో ఒక ఇంట్లో తనను బంధించారనీ, ఒక జిప్సీ ముసలిది తన రవిక తొడుగు కోసి తీసుకుందనీ చెప్పింది. మేరీ స్క్వైర్స్ అనే వృద్ధురాలికి ఉరిశిక్ష పడింది. లండన్ మేయరు సర్ క్రిస్ప్ గ్యాస్కోయిన్‌కు మనసొప్పలేదు. మనుషుల్ని పంపి విచారిస్తే ఆ ముసలావిడ ఆ జనవరి మొదట్లో నూరు మైళ్ళకు పైగా దూరాన డోర్సెట్‌లో, అబట్స్‌బరీలో ఉందని ఊరివాళ్ళు చెప్పారు. కొడుకు జార్జి, కూతురు లూసీ వెంట ఉన్నారు. ఏ సత్రంలో పడుకున్నారో, ఎవరికి బట్టలు అమ్మారో, ఎక్కడ ఆడిపాడారో సాక్షులు ఒక్కొక్కరూ చెప్పుకొచ్చారు. మేరీకి శిక్ష రద్దయింది. మరుసటేడు కానింగ్ మీదే అబద్ధ సాక్ష్యం నేరం రుజువై ఆమెను అమెరికాకు పంపేశారు. ఆ విచారణల పాఠం ఇవాళ ఓల్డ్ బెయిలీ కోర్టు పాత దస్తరాల్లో ఎవరైనా చదువుకోవచ్చు. ఒక రోమానీ తల్లి ఆ రోజుల్లో ఎక్కడెక్కడ నడిచిందో మనకు తెలియాలంటే ఆమె మెడకు ఉరితాడు వేలాడాల్సి వచ్చింది.

ఈ వెతుకులాటలో నన్ను కలచివేసేది ఇదే. మన పల్లెల్లో పిచ్చుకుంట్లవాళ్ళు వచ్చి గోత్రాలు, వంశాలు కీర్తించేవాళ్ళు. వంశం చెప్పడమంటే అక్కడ గౌరవం. రోమానీల వంశం రాసినవాళ్ళలో చాలామంది వాళ్ళను తరమడానికి రాసినవాళ్ళు. 1554లో ఇంగ్లండు చేసిన చట్టం ప్రకారం ఈజిప్షియన్లు నెల మించి దేశంలో ఉంటే మరణదండన. అది రెండు శతాబ్దాలకు పైగా పుస్తకాల్లో ఉండిపోయింది. ఫ్రాన్సు 1912లో చేసిన చట్టం 13 ఏళ్ళు నిండిన ప్రతి సంచార కుటుంబీకుడి చేతా ఒక కొలతల పుస్తకం మోయించింది. అందులో ఫొటోలు, వేలిముద్రలు, చెవి పొడవు, పాదం కొలత. ఊరికి వచ్చినప్పుడొక ముద్ర, పోయేటప్పుడొక ముద్ర. 1969 దాకా అది సాగింది. ఆ సమాచారం ఇప్పుడు ఫ్రాన్సు జిల్లా దస్తరాల్లో ఉంది. ముత్తాత ముఖం మొదటిసారి చూసుకునే మునిమనవలకు ఆ ఫొటో నేరస్థుణ్ని నిలబెట్టి తీసినట్టు ఎదురూ పక్కా కనిపిస్తుంది.

దాదాపు అవే ఏళ్ళలో మన బాపట్ల దగ్గర స్టువర్టుపురం వెలిసిన సంగతి శ్రోతల్లో చాలామందికి తెలుసు. నేరజాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను అక్కడ చేర్చి, పోలీసు రిజిస్టర్లో పేర్లెక్కించి, హాజరు పట్టారు. ఆ కుటుంబాల మనవలు ఇవాళ తాతల పేర్లు వెతికితే ముందు దొరికేది బహుశా ఆ రిజిస్టరే.

నాజీల జర్మనీలో ఇది ఇంకా ఘోరంగా జరిగింది. 1936 నుంచి రాబర్ట్ రిట్టర్ అనే వైద్యుడు చర్చి పుస్తకాలు, పోలీసు ఫైళ్ళు, ముసలివాళ్ళ జ్ఞాపకాలు పోగేసి అక్కడి రోమానీ శాఖ అయిన సింతీల, మిగతా రోమాల కుటుంబాల వంశవృక్షాలు గీయించాడు. దాదాపు 24 వేల మంది మీద తీర్పులు రాశాడు. ఆ పటాల వెంటే రైళ్ళు ఆష్‌విట్జ్‌కు వెళ్ళాయి. అక్కడ జిప్సీ శిబిరానికి వచ్చినవాళ్ళ పేర్లు రాసిన పెద్ద పుస్తకాలుండేవి. దాదాపు 21 వేల పేర్లు. 1944 ఆగస్టు 2వ తేదీ రాత్రి ఆ శిబిరంలో మిగిలిన నాలుగు వేల మందికి పైగా మనుషుల్ని చంపేశారు. అంతకు ముందే పోలండ్ ఖైదీలు కొందరు ఆ పుస్తకాలను దొంగిలించి, బాల్చీలో పెట్టి నేలలో పాతారు. 1949 జనవరిలో తవ్వి తీశారు. నీళ్ళు పట్టి కొన్ని పుటలు చెరిగిపోయాయి.

అందుకని మా ఇంటి సంగతులు అడక్కండి అని ఏ రోమానీ పెద్దావిడైనా ముఖం తిప్పుకుంటే అది మొండితనమని అనుకోకూడదు. వంశం చెప్పినందుకు చచ్చిపోయినవాళ్ళున్నారు ఆ వంశాల్లో.

ప్రేమతో రాసుకున్న కాగితాలూ ఉన్నాయి, లేవని కాదు. లివర్‌పూల్ విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడు జాన్ సాంప్సన్ వేల్సు రోమానీలతో ఏళ్ళ తరబడి తిరిగి, వాళ్ళ భాష నేర్చి, 1926లో దాని వ్యాకరణం, నిఘంటువు వేశాడు. 1888లో పుట్టిన జిప్సీ లోర్ సొసైటీ పోగేసిన వంశావళులు, ఫొటోలు అదే విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. 1994లో ఇంగ్లండు రోమానీ కుటుంబాలవాళ్ళే తమ పూర్వీకుల కోసం ఒక సంఘం పెట్టుకుని, చర్చి పుస్తకాల్లోంచి, పాత వార్తాపత్రికల్లోంచి పేర్లు ఏరి అచ్చు వేస్తూ వచ్చారు.

ఈ మధ్య చాలామంది ఉమ్మి సీసాలో పట్టి డీఎన్ఏ పరీక్షకు పంపుతున్నారు. దక్షిణాసియా పాలు కొద్దిగా కనిపించగానే మా జిప్సీ ముత్తవ్వ నిజమే అని పండగ చేసుకుంటారు. అయిదు తరాల వెనక ఒక్కరి పాలు నూటికి సుమారు మూడు. ఆ మూడూ బండి మీదే రావాలని లేదు. ఈస్టిండియా కంపెనీ మనుషులు మద్రాసులో, మచిలీపట్నంలో, విశాఖలో కాపురాలు పెట్టి పిల్లల్ని కన్నారు. ఆ పిల్లల బాప్తిస్మాలు మద్రాసు చర్చి పుస్తకాల్లో ఉన్నాయి. వాటి ప్రతులు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీకి చేరాయి. ఇంగ్లీషు ఇంట్లో గొంతు తగ్గించి చెప్పుకున్న ఆ నల్లని ముత్తవ్వ జిప్సీ కాకపోవచ్చు. బందరు పిల్ల కావచ్చు. రెండు దస్తరాలూ చూశాకే మాట్లాడాలి.

ఇంకొక్క మాట చెబుతాను. ముందు వెళ్ళిన బండివాళ్ళు వెనక వచ్చే తమవాళ్ళ కోసం నాలుగు దారుల కూడలిలో గడ్డిపోచలో, ఆకులో, పుల్లలో ఒక తీరుగా పేర్చి వదిలేవాళ్ళు. మేము ఇటు వెళ్ళాం అని గుర్తు. దాని పేరు పత్రిన్. రోమానీ భాషలో పత్రిన్ అంటే ఆకు. మన పత్రమే. పూజలో వేసే పత్రమూ అదే, రిజిస్ట్రారు ముద్ర వేసే పత్రమూ అదే. కూడలిలో పెట్టిన ఆకు ఎండి గాలికి పోయేది, ఈలోగా చూడాల్సినవాళ్ళు చూసేసేవాళ్ళు.

చాప్లిన్ ఉత్తరంలోని బ్లాక్ ప్యాచ్‌లో రోమానీ కుటుంబాలు నిజంగానే ఉండేవి. కొలిమి బూడిద పోసిన నల్లటి బీడు అది. అక్కడివాళ్ళ రాజు ఈసా స్మిత్, రాణి హెంటీ స్మిత్. 1905లో వాళ్ళను అక్కణ్ణించి వెళ్ళగొట్టారు. ఆ తరవాత ఆ చోట పార్కు వేశారు. 2015లో చాప్లిన్ కొడుకు మైకేల్ వచ్చి ఆ పార్కులో ఒక రాయిని ఆవిష్కరించాడు. అది తన తండ్రి పుట్టిన చోటని చెప్పే రాయి కాదు. అక్కడ బతికిన రోమానీ కుటుంబాల జ్ఞాపకార్థం పెట్టిన రాయి.